సెల్టిక్ వద్దనకపోతే రాబర్ట్‌సన్ ఇంత పైకొచ్చేవాడా?

నిద్రలేనివాడు:

స్కాట్లాండ్ లెఫ్ట్ బ్యాక్ (డిఫెన్స్‌లో ఎడమవైపు ఆడేవాడు) ఆండీ రాబర్ట్‌సన్ గురించి ఒక డౌట్ చాన్నాళ్ల నుంచి బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ స్కాటిష్ ఫుట్‌బాల్ బాగా తెలిసినవాళ్లు ఉన్నారు కదా అని అడుగుతున్నా. అందరూ చెప్పే కథేంటంటే 15 ఏళ్లప్పుడు గ్లాస్గో క్లబ్ సెల్టిక్ అకాడమీ వాళ్లు నువ్వు మరీ పొట్టిగా ఉన్నావని పంపించేశారు, కుర్రాడు కుంగిపోకుండా కసిగా ఆడి లివర్‌పూల్ దాకా వెళ్లి ఛాంపియన్స్ లీగ్ కొట్టాడు, శుభం కార్డు. వినడానికి బానే ఉంది. కానీ అకాడమీలు తీసేసిన పిల్లలు వేలల్లో ఉంటారు, కసి లేనోడెవడు చెప్పండి, అందరూ రాబర్ట్‌సన్‌లు అయిపోవట్లేదుగా.

నాకు అర్థంకానిది ఏంటంటే 2012లో నాలుగో డివిజన్‌లో జీతం కూడా లేకుండా ఆడుతున్నవాడు 2014 మార్చికల్లా స్కాట్లాండ్ జెర్సీ వేసేసుకున్నాడు. ఆ రెండేళ్లలో అసలేం జరిగింది? సెల్టిక్ వాళ్లు ఉంచుకునుంటే ఇంకా ముందే వచ్చేవాడా, లేక ఆ తీసేయడమే మంచిదైందా? మా రూమ్మేట్ అయితే అదంతా లక్కు, అప్పటి లెఫ్ట్ బ్యాక్ మొరేనోకి దెబ్బ తగలకపోతే వీడు లివర్‌పూల్‌లో బెంచీ మీదే కూర్చునేవాడు అంటాడు. వాడితో వాదించడానికి నా దగ్గర సరుకు లేదు, అదీ అసలు బాధ.

హాంప్డెన్_గేటుదగ్గర:

నేను గ్లాస్గోలో ఉంటా, ఇక్కడ ఈ కథ ఎవర్ని అడిగినా చెప్తారు కానీ అసలు ముక్క వదిలేస్తారు. 2012లో వాడు జీతం లేకుండా ఆడిన క్వీన్స్ పార్క్ అంటే ఏదో గల్లీ టీమ్ అనుకోకండి. 1867లో పెట్టిన క్లబ్, స్కాట్లాండ్‌లోనే అన్నిటికన్నా పాతది, 2019 దాకా ఆటగాళ్లకి జీతం ఇవ్వకూడదనేది వాళ్ల నియమం, ఆట కోసమే ఆట అనేది వాళ్ల నినాదం. ఇంకా విచిత్రం ఏంటంటే అప్పట్లో వాళ్ల హోమ్ గ్రౌండ్ హాంప్డెన్ పార్క్, అంటే 50 వేల మంది పట్టే నేషనల్ స్టేడియం, నాలుగో డివిజన్ మ్యాచ్‌కి వచ్చేది కొన్ని వందల మంది. నేనొకసారి అలాంటి మ్యాచ్‌కి వెళ్లా (రాబర్ట్‌సన్ కాలం కాదులెండి, తర్వాత), మెయిన్ స్టాండ్‌లో జనం ఒక మూలకి గుంపుగా కూర్చున్నారు, మిగతా మూడు వైపులా ఖాళీ కుర్చీలు, గోల్‌కీపర్ డిఫెండర్ని తిట్టే తిట్టు అవతలి స్టాండ్‌కి తగిలి మళ్లీ మనకే వినిపిస్తుంది. ఆ ఖాళీ స్టేడియంలో వీడు ఆడాడు, అదే స్టేడియం ఆఫీసులో ఫోన్లెత్తి మ్యాచ్ టికెట్లు కూడా అమ్మాడు. తర్వాత అక్కడికే స్కాట్లాండ్ కెప్టెన్‌గా వచ్చాడు, 2018 సెప్టెంబర్ నుంచి.

2012 ఆగస్టులో వాడు పెట్టిన ట్వీట్ ఇప్పటికీ తిరుగుతుంటుంది, ఈ వయసులో జేబులో డబ్బుల్లేకపోతే బతుకు చెత్తగా ఉంది, ఏదైనా ఉద్యోగం కావాలి అనే అర్థంలో. అప్పటికి 18. ఇంట్లో కూడా ఒక ఏడాది చూద్దాం, కుదరకపోతే యూనివర్సిటీకి వెళ్దువుగాని అనుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నకి జవాబు. ఆ ఒక్క ఏడాదే అంతా. సెల్టిక్‌లో ఉండుంటే 18 ఏళ్లకి వాడు ఆడేది తన వయసు పిల్లలతో రిజర్వ్ మ్యాచ్‌లు. ఇక్కడ ప్రతి శనివారం మీసాలొచ్చిన మగాళ్లతో, వారమంతా ఎక్కడో పని చేసుకునొచ్చి మోచేతులతో గుద్దేవాళ్లతో 90 నిమిషాలు ఆడాడు. ఆ సీజన్‌లోనే సెల్టిక్‌కి ప్రత్యర్థి, గ్లాస్గో పెద్ద క్లబ్ రేంజర్స్ ఆర్థికంగా కుప్పకూలి అదే డివిజన్లో పడింది, దాంతో జీతం లేని ఈ కుర్రాళ్లు రేంజర్స్ గ్రౌండ్ ఐబ్రాక్స్‌కెళ్లి వేలమంది అరుపుల మధ్య ఆడారు, రేంజర్స్ హాంప్డెన్‌కి వస్తే స్టాండ్స్‌లో 30 వేల దాకా జనం. నాలుగో డివిజన్ పిల్లాడికి అలాంటి అనుభవం చరిత్రలో ఆ ఒక్క ఏడాదే దొరికేది, అది వీడికి దొరికింది. అందుకే లక్ లేదు అనను, కాకపోతే మీ రూమ్మేట్ వెతుకుతున్న చోట కాదు, ఇక్కడుంది.

2013లో డండీ యునైటెడ్ తీసుకుంది, ఎక్కగానే టాప్ డివిజన్ ఫస్ట్ ఛాయిస్ లెఫ్ట్ బ్యాక్. ఆ టీమ్ చూడాల్సింది, ర్యాన్ గాల్డ్, స్టువర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్, అందరూ కుర్రాళ్లే. స్కాటిష్ కప్ ఫైనల్ దాకా వెళ్లి సెయింట్ జాన్‌స్టన్ చేతిలో 2-0తో ఓడారు. వీడికి ఆ ఏడాది యంగ్ ప్లేయర్ అవార్డు, మార్చిలో పోలండ్ మీద వార్సాలో సబ్‌గా డెబ్యూ.

పాతకాపు:

అన్నీ బానే చెప్పావ్ తమ్ముడూ కానీ "సెల్టిక్ తప్పు చేసింది" అనే మాటొకటి తేలిగ్గా అనేస్తున్నారు అందరూ, అది నాకు నచ్చదు. 15 ఏళ్ల పిల్లాడు ఎంత ఎత్తు పెరుగుతాడో ఎవడు చెప్పగలడు? క్లబ్బులు పొరపాట్లు చేయడం స్కాట్లాండ్‌లో కొత్తేం కాదు, ఇంతకంటే వింత కారణాలతో చేశారు. డానీ మెక్‌గ్రెయిన్ పేరు విన్నారా? 70లలో ప్రపంచంలోనే బెస్ట్ ఫుల్‌బ్యాక్ (కుడి లేదా ఎడమ పక్కన ఆడే డిఫెండర్) అనేవాళ్లు, చిన్నప్పుడు రేంజర్స్ అభిమాని. పూర్తి పేరు డేనియల్ ఫెర్గస్ మెక్‌గ్రెయిన్, పేరు వినగానే క్యాథలిక్ అయ్యుంటాడనుకుని రేంజర్స్ స్కౌట్ వదిలేశాడట, తీరా చూస్తే ప్రొటెస్టెంట్. పక్క క్లబ్ సెల్టిక్ ఎగరేసుకుపోయింది. 1972లో పుర్రె పగిలింది, 1974 వరల్డ్ కప్ తర్వాత షుగర్ అని తేలింది, అయినా స్కాట్లాండ్‌కి 62 మ్యాచ్‌లు. వాడి కెరీర్ ముందు రాబర్ట్‌సన్ కష్టాలు నాకు కొంచెం చిన్నగానే కనిపిస్తాయి, ఏమనుకోవద్దు.

ఇంకోటి, ఫుల్‌బ్యాక్ పైకి వెళ్లి అటాక్ చేయడం అంతా లివర్‌పూల్ మాజీ కోచ్ క్లాప్ కనిపెట్టాడన్నట్టు మాట్లాడతారు ఇప్పటి పిల్లలు. 1967లో లిస్బన్‌లో జరిగిన యూరోపియన్ కప్ ఫైనల్‌లో ఇంటర్ మిలాన్ మీద సెల్టిక్‌కి ఈక్వలైజర్ కొట్టింది ఎవరు? టామీ గెమ్మెల్, లెఫ్ట్ బ్యాక్! బాక్స్ బయట్నుంచి ఒక్క తన్ను.

ఆన్‌ఫీల్డ్_గోల:

పాతకాపు గారూ మీరు ఎప్పుడొచ్చినా 1967 తేకుండా ఉండరు కదా 😀 మెక్‌గ్రెయిన్ విషయం మాత్రం నాకు తెలీదు, థ్యాంక్స్.

మొరేనో సంగతి నేను చెప్తా. 2017 జులైలో లివర్‌పూల్ 8 మిలియన్ పౌండ్లకి కొంది, అదీ హల్ సిటీ నుంచి, అప్పుడే రెలిగేట్ అయిన (టాప్ డివిజన్ నుంచి కింది డివిజన్‌కి పడిన) టీమ్. మా వాళ్లలో సగం మంది మొహం చిట్లించారు, నేను కూడా, అబద్ధమెందుకు. ఆగస్టులో క్రిస్టల్ ప్యాలెస్ మీద బాగా ఆడాడు, ఆ తర్వాత నెలల తరబడి దాదాపు కనిపించలేదు. డిసెంబర్ 6న స్పార్టక్ మాస్కో మీద 7-0 కొట్టిన మ్యాచ్‌లో మొరేనోకి చీలమండ దెబ్బ తగిలింది, అక్కడ్నుంచి వీడు. కాబట్టి రూమ్మేట్ చెప్పింది అబద్ధం కాదు. కానీ మొరేనో కోలుకుని తిరిగొచ్చాడు కదా, మరి ప్లేస్ తిరిగి ఎందుకు రాలేదు?

దానికి జవాబు మాంచెస్టర్ సిటీతో 2018 జనవరి 14 మ్యాచ్. సిటీకి ఆ సీజన్ లీగ్‌లో అప్పటిదాకా ఒక్క ఓటమి లేదు. సెకండాఫ్‌లో వీడు ఎడమవైపు నుంచి ఒకడి మీదకి పరిగెత్తాడు, వాడు పాస్ ఇచ్చేశాడు, మామూలుగా ఎవరైనా ఆగి వెనక్కొచ్చేస్తారు, వీడు ఆగలా. బంతి ఎవరి దగ్గరికెళ్తే వాళ్ల మీదకి, డిఫెండర్ల మీదకి, అక్కడ్నుంచి గోల్‌కీపర్ ఎడెర్సన్ దాకా, లెఫ్ట్ బ్యాక్ అండీ బాబూ, అవతలి పెనాల్టీ బాక్స్ దాకా, చివరికి ఊపిరాడక ఒటమెండి కాళ్లకి అడ్డంపడి ఫౌల్ చేశాడు. ఫౌల్‌కి స్టేడియం మొత్తం లేచి చప్పట్లు కొట్టడం నేను అదే చూడ్డం. 4-3తో గెలిచాం. ఆ పరుగు ఏ అకాడమీలో నేర్పుతారో చెప్పమను మీ రూమ్మేట్‌ని.

తర్వాత లీగ్‌లో అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) 2018-19లో 11, మరుసటి ఏడు 12, అటువైపు రైట్ బ్యాక్ ట్రెంట్ 12, 13. ఇద్దరూ పోటీ పెట్టుకుని మరీ.

లెక్కలమాస్టారు:

అందరూ క్వీన్స్ పార్క్ నుంచి ఒక్క గెంతులో లివర్‌పూల్‌కి వచ్చేశారు, మధ్యలో హల్‌లో మూడేళ్లు ఎవరికీ పట్టలేదు. 2014 జులైలో 2.85 మిలియన్ పౌండ్లకి కొన్నారు, అదే రోజు ఇంకో డిఫెండర్ని కూడా కొన్నారు, హ్యారీ మెగ్వైర్ని, ఇప్పుడు తలుచుకుంటే హల్ వాళ్లకి ఏడుపొస్తుంది. 2015లో రెలిగేషన్, 2016లో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి తిరిగి పైకి, 2017లో మళ్లీ రెలిగేషన్. మూడు సీజన్లలో రెండుసార్లు కిందపడ్డ టీమ్‌లో లెఫ్ట్ బ్యాక్ అంటే వారం వారం గోడకి వీపు ఆనించి ఆడటమే, వాడు డిఫెండింగ్ నేర్చుకుంది అక్కడే అని నా గట్టి నమ్మకం. డండీలో ఉన్నప్పుడు ముందుకి పరిగెత్తడం అద్భుతంగా ఉండేది, వెనక మాత్రం జాగా వదిలేసేవాడు. క్వీన్స్ పార్క్ ఒక్క ఏడాదే అంతా అన్న మాట నేను ఒప్పుకోను.

నిద్రలేనివాడు:

అబ్బా ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థ్యాంక్స్. రూమ్మేట్‌కి సిటీ మ్యాచ్ క్లిప్ చూపించా, "సరే కానీ 2019లో బార్సిలోనా మీద 4-0లో మూడు గోల్స్ పడింది వీడు హాఫ్‌టైమ్‌లో దిగిపోయాకేగా" అని ఇంకో పుల్ల వేశాడు 😑

ఇంకొక్క డౌట్, మన టైమ్‌కి స్కాట్లాండ్‌కి టియర్నీ కూడా లెఫ్ట్ బ్యాకే కదా, ఇద్దరు మంచోళ్లు ఒకే పొజిషన్‌కి దొరకడమేంటి, మిగతా జాగాలకి మనుషుల్లేక అల్లాడుతున్న టీమ్‌కి?

ఆన్‌ఫీల్డ్_గోల:

మీవాడు చెప్పింది కరెక్టే 😂 కాలికి దెబ్బ తగిలి హాఫ్‌టైమ్‌లో దిగాడు, మిల్నర్ లెఫ్ట్ బ్యాక్‌కి వెళ్లాడు, బదులుగా వచ్చిన వైనాల్డమ్ రెండు నిమిషాల తేడాలో రెండు గోల్స్. కానీ మెస్సీ కింద పడుంటే తల మీద చెయ్యేసి తోసింది మాత్రం వీడే, అదీ రాసుకోమను.

హాంప్డెన్_గేటుదగ్గర:

టియర్నీ విషయం స్కాట్లాండ్ జనానికి ఏళ్ల తరబడి తలనొప్పి. ఎవర్ని కూర్చోబెట్టాలి? ఆఖరికి స్కాట్లాండ్ కోచ్ స్టీవ్ క్లార్క్ వెనక ముగ్గుర్ని పెట్టి, టియర్నీని ఎడమవైపు సెంటర్ బ్యాక్ చేసి రాబర్ట్‌సన్‌ని వింగ్‌బ్యాక్‌గా ముందుకి తోశాడు. 2020 నవంబర్లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియా మీద పెనాల్టీలతో గెలిచి యూరోకి క్వాలిఫై అయ్యారు, 1998 తర్వాత మగాళ్ల టీమ్‌కి మొదటి పెద్ద టోర్నీ.

ఇక 2025 నవంబర్ 18 డెన్మార్క్ మ్యాచ్, హాంప్డెన్. నాకు టికెట్ దొరకలా, ఇంట్లోనే చూశా. గెలిస్తే వరల్డ్ కప్, 2-2లో ఇంజురీ టైమ్, సబ్‌గా వచ్చిన టియర్నీ బాక్స్ బయట్నుంచి ఎడమ కాలితో తిప్పి కొట్టాడు, మా కింది ఫ్లాట్ వాళ్లు సీలింగ్ మీద కర్రతో కొట్టారు, నా గెంతులకి కాదు, వాళ్లూ అరుస్తూనే కొట్టారు. తర్వాత మెక్‌లీన్ సగం గ్రౌండ్ నుంచి నాలుగోది వేసేశాడు. 28 ఏళ్ల తర్వాత వరల్డ్ కప్. మ్యాచ్ అయ్యాక రాబర్ట్‌సన్ మాట్లాడింది చూశారా, 2025 జులైలో కారు ప్రమాదంలో చనిపోయిన లివర్‌పూల్ సహచరుడు డియోగో జోటా గురించి, వరల్డ్ కప్‌కి వెళ్లడం గురించి ఇద్దరూ ఎంత మాట్లాడుకునేవాళ్లో, ఆ రోజంతా వాడే మనసులో తిరిగాడని, బయటికి కనపడనీకుండా దాచుకున్నానని చెప్తూ గొంతు పట్టేసింది.

మాస్టారూ హల్ విషయంలో మీరన్నది ఒప్పుకుంటున్నా, "ఒక్క ఏడాదే అంతా" అన్నది నోరు జారింది.

పాతకాపు:

సెల్టిక్ మాట మొదలెట్టారు కాబట్టి ఒకటి చెప్పి పోతా. స్కాట్లాండ్‌కి రాబర్ట్‌సన్ మొదటి గోల్ 2014 నవంబర్లో ఇంగ్లండ్ మీద, మ్యాచ్ 3-1తో ఓడిపోయాం అది వేరే సంగతి. ఆ ఫ్రెండ్లీ హాంప్డెన్‌లో జరగలేదు, సెల్టిక్ పార్క్‌లో జరిగింది.

నిద్రలేనివాడు:

ఆగండాగండి, పొట్టి అని పంపించేసిన ఆ సెల్టిక్ వాళ్ల గ్రౌండ్‌లోనా?? రూమ్మేట్‌ని నిద్రలేపుతున్నా.