ఇషాపూర్ సర్‌ప్లస్ రైఫిల్: ఫోటోలు చూసి కండిషన్, రేటు ఎలా తేల్చుకోవాలండీ?

కోనసీమ_కుర్రాడు:

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం. మా అమ్మగారి నాన్నగారిది మిలిటరీ మాధవరం, ఆర్మీలో చేశారు, 65 యుద్ధంలో ఉన్నారు, ఇప్పుడు లేరు. మా బావగారు టెక్సాస్‌లో సెటిలయ్యారు, సిటిజన్‌షిప్ కూడా వచ్చేసింది. తాతగారి గుర్తుగా మన ఆర్మీ వాడిన పాత రైఫిల్ ఒకటి అక్కడ కొనుక్కుని అప్పుడప్పుడు రేంజికి పట్టుకెళ్ళి కాల్చుకుందామని ఆయన కోరిక. సర్‌ప్లస్, అంటే ఆర్మీలు వాడి తీసేసిన సామాను అమ్మే సైట్లో రెండు చూసి నాకు వాట్సాప్‌లో ఫోటోలు పెట్టారు. ఒకటి 1943 లో మన బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన త్రీనాట్‌త్రీ, కర్రంతా నూనె పట్టేసి నల్లగా దెబ్బలతో ఉంది. రెండోది 1967 లో చేసిన 2ఏ1 అనే మోడల్, వార్నిష్ కొట్టి తళతళలాడిపోతుంది, రేటు కూడా దీనికే ఎక్కువ చెప్తున్నారు. మొదటిదానికి "గుడ్" అని, రెండోదానికి "వెరీ గుడ్" అని రాశారు. అమ్మ, అక్క ఇద్దరూ మెరిసేదే తీసుకోమంటున్నారు. తెలిసినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి, ఏం చూడాలి, ఏ ఫోటోలు అడగాలి?

డల్లాస్_భీమవరం:

ముందు ఇది చదివే మన హెచ్1 కుర్రాళ్ళకి ఒక మాట, ఆ వీసా మీద ఉండగా ఇక్కడ తుపాకీ కొనడం, దగ్గర పెట్టుకోవడం రెండూ ఫెడరల్ చట్టం ప్రకారం కుదరవు, హంటింగ్ లైసెన్స్ లాంటి ఒకటి రెండు మినహాయింపులు ఉన్నాయంతే. మీ బావగారు సిటిజన్ కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఒకప్పుడు ఇక్కడ పేపర్లో కూపన్ కత్తిరించి పంపితే రైఫిల్ పోస్టులో ఇంటికొచ్చేసేది. 1963 లో కెనడీని చంపిన ఇటాలియన్ కార్కానో రైఫిల్ కూడా అలాగే షికాగో షాపు నుంచి స్కోపుతో కలిపి 19.95 డాలర్లకి వచ్చిందే. 1968 చట్టంతో అది ఆగిపోయింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చినా లైసెన్సున్న డీలరు దగ్గరకే వస్తుంది, అక్కడ బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక చేతికిస్తారు. 50 ఏళ్ళు దాటిన తుపాకులకి సీ అండ్ ఆర్ అని కలెక్టర్ లైసెన్స్ ఉంది, అది తీసుకుంటే మామూలుగా నేరుగా ఇంటికే పంపుతారు. మీరు చెప్పిన రెండూ ఆ వయసు దాటినవే.

గ్రేడ్ల సంగతి. ఎన్ఆర్ఏ (ఇక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్) వాళ్ళ లెక్కలో "వెరీ గుడ్" అంటే తుప్పు, గుంటలు ఉండకూడదు, పనిచేసే భాగాల్లో చెప్పుకోదగ్గ అరుగుదల ఉండకూడదు. "గుడ్" అంటే కాల్చడానికి సేఫ్, కొంచెం అరిగి ఉండొచ్చు. "ఫెయిర్" అంటే బాగా వాడేసింది. కానీ అమ్మేవాళ్ళందరూ ఆ కొలతే వాడతారని ఏమీ లేదండి, చాలామంది పైపై రూపం చూసి రాసేస్తారు. అందుకని గ్రేడు మాట పక్కన పెట్టి బావగారిని ఆ రైఫిల్‌వే ఫోటోలు అడగమనండి, నమూనా ఫోటో వద్దు. బోల్ట్ (తూటాని లోపలికి తోసి మూసే కడ్డీ) హ్యాండిల్ వెనక నంబరు, రిసీవర్ (ఆ బోల్ట్ కదిలే ఇనప బాడీ) నంబరు, ముందు నోస్‌క్యాప్ (మూతి దగ్గర ఇనప తొడుగు) మీద నంబరు, కుడివైపు బట్ సాకెట్ (వెనక కర్ర బిగించే ఇనప భాగం) మీద ముద్రలు, బారెల్ మూతి ఎదురుగా దగ్గర నుంచి, వెలుతురులో బారెల్ లోపల. ఇవి పంపమంటే సాకులు చెప్పేవాడి దగ్గర కొనొద్దు.

ఇంకోటి, కలెక్టర్లు డబ్బులు పెట్టేది ఒరిజినల్‌గా ఉన్నదానికి. కర్రని ఇసుక కాగితంతో రుద్ది వార్నిష్ కొట్టారంటే దాని మీద ఉన్న ఇన్‌స్పెక్టర్ ముద్రలు పోయినట్టే, దాంతో రేటు కూడా పడిపోతుంది. అంచేత ఆ నల్లటి నూనె కర్రే నాకు నచ్చింది.

లేత్_తణుకు:

తుపాకులు నాకు తెలీదు గానీ ఇనుము తెలుసండి, మాది లేత్ షాపు. బారెల్ లోపల ఫోటోలో రెండు రకాలు కనపడతాయి. తూటాని తిప్పే మెలి గాడులు అంచులు తేలి స్పష్టంగా ఉండి లోపలంతా కొంచెం బూడిదరంగులో ఉంటే భయం లేదు, అది పైపొర దెబ్బతిన్నది. నల్లటి చుక్కలు లోతుగా గుంటలు గుంటలుగా ఉన్నాయంటే లోహం తినేసింది, దాన్ని ఎంత తోమినా తిరిగి రాదు. పాత మిలిటరీ తూటాల ప్రైమర్లో (తూటా అడుగున మంట అంటించే మందు) క్లోరేట్ ఉండేది, కాల్చాక ఉప్పు లాంటిది లోపల మిగిలి గాల్లో తేమ లాక్కుంటుంది. భీమవరం, కాళ్ళ వైపు ఉప్పునీటి రొయ్యల చెరువుల్లోంచి ఏరియేటర్ షాఫ్టులు రిపేరుకి వస్తాయి చూడండి, పైన రంగు చక్కగా ఉంటుంది, రంగు గీకితే కింద జల్లెడ. అదే పని ఇదీ చేస్తుంది. ఇండియాలో రీఫిట్ చేసిన రైఫిళ్ళకి మెటల్ మీద నల్ల పెయింట్ కొడతారని విన్నాను, అలా అయితే కర్ర ఊడదీసి కింద దాగిన భాగం చూడకుండా బాగుందని ఎవరూ అనకూడదు. తళతళలాడేదాన్ని నేనైతే ముందు అనుమానిస్తాను.

మాజీ_హవల్దార్_గూడెం:

బాబూ, మీ తాతగారు 65 లో ఉన్నారంటే ఆయన చేతిలో ఉన్నది చాలావరకు త్రీనాట్‌త్రీ అయ్యుంటుంది. ఎస్‌ఎల్‌ఆర్ (దానంతట అదే తూటా ఎక్కించుకునే రైఫిల్) అప్పుడప్పుడే యూనిట్లకి అందుతోంది. 2ఏ1 కూడా మన ఇషాపూర్‌దే, చైనా యుద్ధం తర్వాత 7.62 నాటో తూటాకి కొత్త ఉక్కుతో తయారుచేసింది, పాత త్రీనాట్‌త్రీని మార్చింది కాదు. దాని ముందు మోడల్ 2ఏ లో సైటు (గురి దూరం సరిచేసే పట్టీ) 2000 దాకా ఉండేది, 2ఏ1 లో 800 మీటర్లు చేశారు. మంచి రైఫిలే, కానీ గుర్తు కోసం అంటున్నారు కాబట్టి మొదటిదే సరిపోతుంది.

ఇక చూడాల్సింది చెప్తాను. మూతి దగ్గర రంధ్రం గుండ్రంగా ఉందా, ఒకవైపు జారినట్టు ఉందా చూడమనండి. వెనక బట్ ప్లేటులో మూత ఉంటుంది, దాని లోపల ఆయిల్ బాటిల్, బారెల్ తుడిచే పుల్‌త్రూ తాడు పెట్టుకునేవాళ్ళం. ఆ తాడుకి చిందీ (గుడ్డ పీలిక) కట్టి లాగేటప్పుడు నిటారుగా లాగకపోతే తాడు రోజూ అదే అంచు మీద రాసుకుని రాసుకుని అక్కడ అరిగిపోతుంది. అలా అరిగిన మూతి గురిని పాడుచేస్తుంది, ఎంత బాగా పట్టుకున్నా తూటా చెదిరిపోతుంది. కర్ర మీద ముందువైపు ఇనప తీగ చుట్టి ఉన్నా, డీపీ అని ముద్ర ఉన్నా కాల్చడానికి కొనొద్దు. తీగ చుట్టినవి గ్రెనేడ్ విసరడానికి వాడినవి, డీపీ అంటే డ్రిల్లుకి మాత్రమే. మ్యాగజీన్‌కి కాస్త ముందు కర్రలో అడ్డంగా ఒక స్క్రూ ఉంటే కంగారు పడకండి, కర్ర పగలకుండా ఇషాపూర్‌లో వేసిందే.

కోనసీమ_కుర్రాడు:

ఆయ్, అందరికీ చాలా థాంక్సండి. బావగారు అడిగితే ఫోటోలు పంపారంట. త్రీనాట్‌త్రీకి బారెల్ లోపల గాడులు తేలి ఉన్నాయి, కొంచెం బూడిదగా ఉంది, మూతి గుండ్రంగానే ఉంది. బోల్ట్ నంబరు మాత్రం రిసీవర్‌తో కలవట్లేదు. మెరిసేదానికి బారెల్ లోపల ఫోటో ఇవ్వట్లేదు, పాలసీ కాదన్నారు.

డల్లాస్_భీమవరం:

రెండోది అక్కడితో వదిలేయండి. మొదటిదానికి బోల్ట్ మారిందంటే బోల్టు వెనక లాక్ అయ్యే భాగాలు ఆ రిసీవర్‌కి సరిచేసినవి కాకపోవచ్చు, కాబట్టి హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఉండే సందు) చూపించకుండా ఒక్క రౌండు కూడా కాల్చొద్దనండి. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) దగ్గర ఆ సందు కొలిచే త్రీనాట్‌త్రీ గేజులు ఉంటాయి, ఫీల్డ్ గేజు మీద బోల్ట్ మూసుకుంటే కాల్చడానికి పనికిరాదు, గోడకి పెట్టుకోవడానికే. నంబర్లు కలవలేదు కాబట్టి రేటు తగ్గించమని గట్టిగా అడగాలి, తగ్గిస్తారు. గేజు ఫెయిలైతే వెనక్కి తీసుకుంటామని ముందే రాతపూర్వకంగా తీసుకోమనండి.

మాజీ_హవల్దార్_గూడెం:

తర్వాత ఎప్పుడో ఇండియా తెచ్చుకుందామని అనుకుంటే ఆ ఆలోచన పెట్టుకోవద్దు బాబూ. త్రీనాట్‌త్రీ, 7.62 రెండూ ఇక్కడ ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలువాళ్ళకి లైసెన్సు ఇవ్వని సైజు, మన దగ్గర లైసెన్సు మీద ఎక్కువగా దొరికే పాత పద్ధతి రైఫిల్ 315 బోరు. తాతగారి డిశ్చార్జి బుక్కు ఇంట్లో ఉంటే దాని ఫోటో తీసి బావగారికి పంపండి, రైఫిల్ పక్కన ఫ్రేము కట్టి పెట్టుకుంటారు.

కోనసీమ_కుర్రాడు:

ఉందండి, అమ్మ బీరువాలో. రేపు తీసి పంపుతాను. గేజు రిజల్ట్ వచ్చాక ఇక్కడే పెడతాను.