ఎన్3 పాసయ్యాను, కాల్‌లో మాత్రం నోరు పెగలడం లేదు

నెల్లూరు_ఒరగడం:
నాకు 41 ఏళ్లు. చెన్నై దగ్గర ఒరగడంలో కారు విడిభాగాల కంపెనీలో క్వాలిటీ చూస్తాను. మా కస్టమర్లు జపాన్ వాళ్లు. ఆదివారాలు క్లాసులకెళ్లి, కంపెనీ బస్సులో పదాలు బట్టీపట్టి, డిసెంబరులో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్3 స్థాయి పాసయ్యాను. మెయిల్ వస్తే చదువుకోగలను. వీడియో కాల్‌లో నన్ను ఏదైనా అడిగితే మాత్రం టెన్షన్. నేను వాక్యం కూర్చుకునేలోపు పక్కనున్న కుర్రాడు జవాబిచ్చేస్తాడు. అతను జపాన్‌లో, నగోయాలో ఉండొచ్చాడు. ఈ వయసులో నోరు తిరుగుతుందా? ఇలాంటి దశ దాటినవాళ్లు ఏం చేశారో చెప్పండి.

దుబాసి:
తిరుగుతుందండీ. మాది చిత్తూరు, ఉండేది అన్నానగర్‌లో. ఫ్యాక్టరీలకు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తుంటాను. నేను ముప్పై దాటాకే మొదలుపెట్టాను.

జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. ఒక్కో విభాగంలో కనీస మార్కులు దాటి, మొత్తం 180కి 95 తెచ్చుకుంటే ఎన్3 వస్తుంది. అదంతా ఇచ్చిన జవాబుల్లో సరైనది ఎంచుకోవడమే. మీ నోటికి ఇంతవరకు ఎవరూ పని చెప్పలేదు, అంతే. వయసుకీ దీనికీ ముడిపెట్టకండి.

రెండోది, మీరు మనసులో ఇంగ్లీషులో వాక్యం కట్టి జపనీస్‌లోకి తిప్పుతున్నారేమో చూసుకోండి. చెన్నైలో పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే చెబుతారు కాబట్టి ఈ అలవాటు పడిపోతుంది. మనకు ఆ అవసరమే లేదు. ‘ఈ పార్ట్ నిన్న చెన్నై నుంచి పంపాం’ అనాలంటే ‘కొనొ బుహిన్ వ కినో చెన్నై కర ఒకురిమషిత’. వరస ఒకటే, క్రియ చివర్నే. మీ రిపోర్టులో రోజూ వచ్చే వాక్యాలు పది తీసుకుని తెలుగు నుంచి నేరుగా పైకి చెప్పండి. రాసుకోవాలంటే తెలుగు లిపిలోనే రాసుకోండి. మన అక్షరాల్లో హ్రస్వదీర్ఘాలు తేడాగా కనిపిస్తాయి. ‘ఒబసన్’ అత్త, ‘ఒబాసన్’ అమ్మమ్మ. ఆ తేడా పోతే అవతలివాళ్లు తికమకపడతారు.

ఇంకోటి, ఊఁ కొట్టండి. మీరు బిగుసుకుని వింటే వాళ్లకు లైన్ కట్టయిందేమోనని అనుమానం. మధ్యమధ్యలో ‘హై’, ‘సో దెసు నె’ (అవును కదా) అనండి. ఈ ‘హై’కి చాలాసార్లు ‘వింటున్నాను’ అనే అర్థం, ఒప్పుకున్నట్టు కాదు. క్వాలిటీ మనిషికి ఇది ముఖ్యం. వాళ్లు ‘హై’ అన్నంత మాత్రాన మీ డిఫెక్ట్ రిపోర్టు ఆమోదం పొందినట్టు రాసుకోకండి.

ఇంట్లో 4-3-2 చేయండి. ఒకే విషయాన్ని నాలుగు నిమిషాలు చెప్పి, మళ్లీ అదే మూడు నిమిషాల్లో, తర్వాత రెండు నిమిషాల్లో చెప్పడం. ఎదురుగా మనిషి మారుతుంటే ఇంకా మంచిది. మూడోసారికి మాటలు వెతుక్కోవడం బాగా తగ్గుతుంది.

నర్సు_తాంబరం:
నేను జర్మన్ నేర్చుకుంటున్నాను, నుంగంబాక్కం గోథె ఇన్‌స్టిట్యూట్‌లో బీ1 స్థాయి పరీక్ష రాశాను. అక్కడ మాట్లాడటం విడిగా ఒక మాడ్యూల్, 100కి 60 రావాలి. మామూలుగా ఇద్దరిని కలిపి కూర్చోబెడతారు, మొదటి భాగంలో ఇద్దరూ కలిసి ఏదో ఒక పని ప్లాన్ చేసుకోవాలి. అందుకని హాస్టల్లో నా రూమ్మేటూ నేనూ రాత్రి వంట దగ్గర్నుంచి ఊరెళ్లే టికెట్ల దాకా అన్నీ జర్మన్‌లోనే తేల్చుకునేవాళ్లం. అన్నా, మీ పరీక్ష అడగదు కాబట్టి అడిగే మనిషిని మీరే వెతుక్కోవాలి.

నెల్లూరు_ఒరగడం:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంట్లో చెప్పుకోవడం చేస్తాను మేడమ్. కాల్‌లో ఆ కుర్రాడి సంగతేం చేయను? మంచివాడే, సాయం చేస్తున్నాననే అనుకుంటాడు.

దుబాసి:
ముందురోజే అతనికి చెప్పేయండి. ‘డిఫెక్ట్ లెక్కలు నేను చెబుతాను, నేను ఆగినా కాసేపు నువ్వు మాట్లాడకు’ అని. అంకెలతో మొదలుపెట్టడం తేలిక, స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటాయి. అర్థం కాకపోతే ‘మో ఇచిదొ ఒనెగైషిమస్’ అని మళ్లీ అడగండి, వాళ్లేమీ అనుకోరు. ఒక్కటి మాత్రం ముందే సాధన చేయండి. వాళ్లకు లక్షలు లేవు, పదివేల లెక్క, దాన్ని ‘మన్’ అంటారు. 1,50,000 అంటే ‘జూగొ మన్’. మీ నెలవారీ షీటు ముందు పెట్టుకుని ప్రతి అంకెనూ మన్‌లలోకి మార్చి పైకి చదవండి.