పాత డెక్‌కి శాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేయొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

మేము న్యూజెర్సీలో ఉంటాం, పోయినేడు కొన్న ఇల్లు 1996లో కట్టింది, వెనకాల చెక్క డెక్ (పలకలతో వేసిన అరుగు) కూడా అప్పటిదే. ఎండకీ మంచుకీ చెక్క బూడిదరంగు తేలి పేళ్లు లేచిపోయాయి. మొన్న మా పాప పాకుతుంటే అరచేతిలో పేడు గుచ్చుకుంది, తీసేసరికి తనతోపాటు నేనూ ఏడ్చేశాను. ప్రెషర్ వాషర్‌తో కడిగితే పీచు ఇంకా పైకి లేచింది.

సరే, 60 గ్రిట్ గరుకు కాగితం పెట్టి మెషీన్‌తో రుద్ది నున్నగా చేద్దామనుకుంటుంటే పక్కింటాయన ఆపాడు. 2004కు ముందు ఇళ్లకు వాడిన ట్రీటెడ్ చెక్కలో చాలావరకు, పుచ్చకుండా ఉండటానికి ఆర్సెనిక్ అనే విషం ఉన్న మందు పట్టించేవారట, శాండింగ్ చేస్తే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకీ, కింద మట్టిలోకీ పోతుందట. డెక్ పక్కనే మా గోంగూర, బెండ మడులున్నాయి! అప్పటినుంచి ఒకటే టెన్షన్.

ఆ మందు ఉందో లేదో ఇంట్లో చూసుకునే టెస్ట్ కిట్లను నమ్మొచ్చా? ఉంటే శాండింగ్ జోలికి పోకుండా, బాగా చెడిన పలకలు మాత్రం మార్చి, మిగతావాటికి నూనె రకం స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగుపూత) ఏడాదికో రెండేళ్లకో వేస్తే సరిపోతుందా? తీసిన చెక్కను కాల్చకూడదని మాత్రం తెలుసు. చలి మొదలయ్యేలోపు ముగించాలి, ఇలాంటి డెక్ బాగుచేసుకున్నవాళ్లు ఏం చేశారో దయచేసి చెప్పండి.