గోరంత పుట్టగొడుగుకు బీరువా ఎందుకు, ఫోటో చాలదా?

తలకోన రవి: మా తమ్ముడు తిరుపతిలో బాటనీ ఎమ్మెస్సీ. అటవీశాఖ పర్మిషన్ తీసుకుని క్లాసంతా పడమటి కనుమల్లో ఆగుంబె పోయొచ్చారు. డబ్బాల నిండా చిన్న చిన్న పుట్టగొడుగులు తెచ్చినాడు, హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన నమూనాలు దాచే చోట, పెడతారంట. చేతిలో ఫోన్ ఉండగా అడవిలోంచి పీక్కురావడం ఎందుకు?

చిత్తూరు మాస్టారు: ఫోటోలో టోపీ కనబడుతుంది, సిద్ధబీజాలు కనబడతాయా? మైసీనా లాంటి చిన్నవి చాలావరకు మైక్రోస్కోప్ కింద, టోపీ అడుగున రేకుల్లా ఉండే మొప్పల అంచు కణాలు చూస్తే గానీ ఏ జాతో తేలవు. కొత్త జాతికి పేరు పెడితే ఆ పేరు ఒక టైప్ స్పెసిమెన్‌కు, అంటే ఆధారంగా దాచిన అసలు నమూనాకు, ముడిపడి ఉంటుంది. లండన్ క్యూ గార్డెన్స్‌లో దాదాపు 12.5 లక్షల శిలీంధ్ర నమూనాలు ఊరికే దాచలేదు.

తలకోన రవి: మొక్కను పీకితే చస్తుంది కద సార్.

చిత్తూరు మాస్టారు: అది మొక్క కాదు! అసలు జీవి మట్టిలో, పుచ్చిన కట్టెలో దారాల్లా ఉంటుంది. నువ్వు చూసేది కాయ లాంటిది. మామిడికాయ కోస్తే చెట్టు చస్తుందా? స్విట్జర్లాండ్‌లో దాదాపు 30 ఏళ్లు గమనించారు, కోసినందుకు తర్వాతి ఏళ్లలో తగ్గలేదు.

తిరుచానూరు పిల్ల: మా అవ్వ పుట్ట మీద మొలిచినవి కోసి పులుసు పెట్టేది. మ్యూజియం సంగతి ఆమెకు తెలీదు పాపం 😀

తలకోన రవి: మొక్క కాకపోతే బాటనీ వాళ్లకేం పని?

చిత్తూరు మాస్టారు: పేర్లు పెట్టే నియమావళి రెండింటికీ ఇప్పటికీ ఒకటే. మళ్లీ మొక్క దగ్గరికే వస్తావేం?

తలకోన రవి: అదే స్విస్ పరిశోధనలో మనుషులు తొక్కిన చోట తక్కువ మొలిచాయని కూడా ఉంది. అది మింగేశారే?

చిత్తూరు మాస్టారు: నీకు పని చేసేవాళ్లంటే ఎగతాళి. అంతే.

తలకోన రవి: ఎగతాళా? నేనూ ఏరినోణ్ణే సార్. మూడు వానాకాలాలు తిరిగి, రంగు, వాసన, ఏ చెట్టు కింద దొరికింది, అన్నీ రాసి 140 పొట్లాలు ఒక కాలేజీకి ఇచ్చినా. పేరు చెప్పను. పోయినేడు బీరువా తెరిపిస్తే పురుగు తిని పొడైపోయినాయి. చీటీలు వేరే పెట్టెలో ఉన్నాయి. ఏ చీటీ దేనిదో నాకే తెలీలేదు.

తిరుచానూరు పిల్ల: అయ్యో అన్నా.

చిత్తూరు మాస్టారు: ఈ మాట మొదటే చెప్పుంటే మామిడికాయల దాకా పోయేవాణ్ణి కాదు. కానీ తప్పు ఏరడంలో లేదు కదప్పా. సుమారు 40 డిగ్రీల వేడిలో ఆరబెట్టి, వారం డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, అప్పుడు బీరువాలోకి చేర్చాలి. కొత్త జాతి అయితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి నమూనా ఇవ్వాల్సిందే.

తలకోన రవి: ఫ్రీజర్ ఎవరు కొంటారు? మీ డిపార్ట్‌మెంట్‌లో ఉండేదా?

చిత్తూరు మాస్టారు: లేదు. నాఫ్తలీన్ గోళీలతో నెట్టుకొచ్చాం. మావీ కొన్ని పోయినాయి.

తిరుచానూరు పిల్ల: రవన్నా, మీ తమ్ముడి డబ్బాలు ఇప్పుడెక్కడ?

తలకోన రవి: ఇంట్లో, ఫ్రిజ్‌లో. నిన్న రాత్రి నుంచి. కూరకా అని అమ్మ అడుగుతా ఉంది.

చిత్తూరు మాస్టారు: ముందు బయటికి తీయించు! ఈ రాత్రికే ఆరబెట్టమను, రేపటికి నీళ్లైపోతాయి. ఎండితే రంగు కూడా పోతుంది. రంగులు రాసుకున్నాడా?

తలకోన రవి: ఫోటోలున్నాయి సార్.