లేహ్‌లో పక్కింటి తాతగారి దుతార్ పాట, వీణ మీదకి ఎలగ తేవాలి?

మాది బొబ్బిలి. నా చిన్నప్పుడు నాన్నగారి ఉద్యోగం లేహ్‌లో, అద్దెకుండేవాళ్లం. పక్కింటి తాతగారు ఉయ్‌గుర్, అంటే చైనా పడమటి కొసన షిన్‌జియాంగ్‌లో ఉండే తుర్కీ జాతివారు, వాళ్ల పెద్దలు అక్కడి యార్కంద్ ఊరి నుంచి కారకోరం కనుమ దాటి వ్యాపారానికొచ్చేవారట, 1949 తర్వాత ఆ దారి మూసేస్తే ఇటే ఉండిపోయారు. చలికాలం సాయంత్రాలు పొయ్యి చుట్టూ మమ్మల్ని కూచోబెట్టి దుతార్ వాయించేవారు, రెండే తీగలు, వేళ్లన్నీ విసిరి మీటేవారు, అమ్మ అరిసెలు పంపితే తాతమ్మ వేడి రొట్టెలు పంపేది. పోయినేడాది కజకిస్తాన్‌లోని ఆల్మాటీ వెళ్లాను, అక్కడ 1934 నుంచీ నడుస్తున్న ఉయ్‌గుర్ థియేటర్ ఉంది. వాళ్ల ఇంకో తీగల వాయిద్యం తెంబూర్ కూడా విన్నాను, పేరు మన తంబూరాలాగే ఉంది గానీ శ్రుతికి కాదు, దానిమీద పాటే వాయిస్తారు. తాతగారి పాటలో ఉండే ఒక మలుపు అక్కడ వినపడింది, ఏడుపొచ్చేసింది. ఇప్పుడు లేహ్ నుంచి ఆల్మాటీ దాకా అని వీణ మీద ఒకటి కడుతున్నా. ఎంత జాగ్రత్తగా వాయించినా కీరవాణి రాగంలోకి జారిపోతోంది, ఏం చెయ్యమంటారు?

వీణ మాస్టారు, విజయనగరం: అమ్మా, ముందు రాగం పేరు వెతకడం మానెయ్యి. గమకం తగ్గించు, మనకి స్వరాన్ని ఊపడం అలవాటు, నువ్వు మెట్టు మీద వేలు కదపకుండా ఉంచి చూడు. సారణి, పంచమం తీగలు రెండూ కలిపి మీటు, దుతార్‌కీ రెండు తీగల మధ్య దూరం చాలాసార్లు అంతే ఉంటుంది. ఉయ్‌గుర్లకి పన్నెండు ముకామ్‌లు, అంటే పెద్ద పాటల వరుసలు, ఒక్కోదానికీ మూడు భాగాలు, నెమ్మదిగా మొదలయ్యే చోంగ్ నగ్మా, కథ చెప్పే దాస్తాన్, చివర ఆడించే మెష్రెప్. ఆ వరుస నీ ప్రయాణానికి సరిపోద్ది. 2005లో యునెస్కో గుర్తించింది ఈ సంగీతాన్నే.

తప్పెటగుళ్లు, శ్రీకాకుళం: అక్కా మృదంగం పెట్టకండి! ఉయ్‌గుర్ల దప్ అని చేత్తో కొట్టే డప్పుంది, దాని లోపల ఇనప రింగులుంటాయి, కొడితే గలగలమంటాది, కొన్ని పాటల్లో నడక ఒక కాలు ఈడ్చినట్టుంటాది. మావోళ్లు గుండె మీద తప్పెట కట్టి, కాళ్లకి గజ్జెలు కట్టి ఆడతారు కదా, ఆ గజ్జెలే ఆ రింగుల బదులు పనికొస్తాయి. ఆడియో పంపండి, మా బృందంతో కొట్టి చూస్తాం.

బొబ్బిలి అమ్మాయి: మాస్టారూ, రాత్రి రెండు తీగలూ కలిపి మీటాను, కీరవాణి పోయింది! తాతగారి మనవరాలు శ్రీనగర్‌లో ఉంది, వాట్సాప్‌లో 40 సెకన్లు పంపితే, మాటలు కొన్ని గుర్తున్నాయంటూ తనే పాడి పంపింది. తన గొంతు వదిలి నా వీణ ఒక్కటే పెట్టడానికి మనసొప్పట్లేదు, తనని కూడా పాడమని అడిగాను. తప్పెట తమ్ముడూ, ఆదివారం ఆడియో పంపుతా, గజ్జెలు రెడీగా ఉంచండి.