అప్‌డేట్: ఆ చేదు సొరకాయ సంగతి

పోయిన వారం అడిగాను కదా, సొరకాయ ముక్క చేదుగా తగిలింది, ఉప్పు నీళ్లలో నానబెట్టి పప్పులో వేసేయొచ్చా అని. వేయలేదు, కాయ మొత్తం పారేశాను. వద్దన్నవాళ్లకు థ్యాంక్స్. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విష పదార్థాల వల్లట, ఉడికించినా పోవు. వాంతులు, రక్త విరేచనాలు, బీపీ పడిపోవడం దాకా వెళ్తుందట. నేను ముక్క ఉమ్మేశాను కాబట్టి ఏమీ కాలేదు.

అసలు టెన్షన్ మా మావయ్యగారితోనే. రోజూ పచ్చి సొరకాయ రసం, అందులో ఉసిరి, అల్లం! చేదు తెలిసేదెలా? ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిపుణుల కమిటీ కూడా ముందు ముక్క రుచి చూడమని, వేరే రసాలు కలపొద్దని చెప్పిందని చూపించాను. "చేదైతేనే మందమ్మా" అన్నారు. ఇప్పుడు కాయ కోసేది, రుచి చూసేది నేనే.