మూత వేయగానే ల్యాప్‌టాప్ క్రాష్

ప్రశ్న: విండోస్ 11. మూత వేస్తే స్క్రీన్ ఆరిపోతుంది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కాసేపటికి తెరిస్తే రీస్టార్ట్ అయి ఉంటోంది. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ లాగ్ చూపించే టూల్) కెర్నల్-పవర్ 41 ఈవెంట్, బగ్‌చెక్ (క్రాష్ కోడ్) 9ఎఫ్ ఉన్నాయి. ర్యామ్ టెస్ట్‌లో తప్పుల్లేవు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు 1: 41ని వదిలేయండి, సరిగ్గా షట్‌డౌన్ కాలేదనే తప్ప కారణం చెప్పదు. అసలు ఆధారం 9ఎఫ్. స్లీప్‌కి వెళ్లమంటే ఏదో డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) గడువులోగా పని పూర్తిచేయలేదు. విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్ ఫైల్‌ని (క్రాష్ వివరాలుండే ఫైల్) విన్‌డీబీజీలో (మైక్రోసాఫ్ట్ డీబగ్గర్) తెరిచి అనలైజ్ కమాండ్ ఇవ్వండి. కెర్నల్ (విండోస్ మూల భాగం) పేరే చూపిస్తే అక్కడ ఆగకండి. బ్లాకైన ఐఆర్‌పీ (డ్రైవర్‌కి విండోస్ పంపే రిక్వెస్ట్) ఏ డ్రైవర్ దగ్గర ఉందో చూడాలి.

ప్రశ్న అడిగినవారు: వైఫై డ్రైవర్ దగ్గర ఆగింది.

జవాబు 2: అయితే ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లోని డ్రైవర్ వేయండి. అప్‌డేట్ తర్వాతే మొదలైతే డివైస్ మేనేజర్‌లో పాత డ్రైవర్‌కి రోల్‌బ్యాక్ చేయండి. అక్కడే వైఫై డివైస్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, పవర్ ఆదాకి డివైస్‌ని ఆపనిచ్చే మొదటి టిక్ తీసేయండి. మోడ్రన్ స్టాండ్‌బై (కొత్త రకం స్లీప్) ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబ్ తరచూ కనిపించదు, కంగారు పడొద్దు.